పంటు బల్ల

లైబ్రరీకి ఐదే మెట్లు.
ఇరవై రెండేళ్లుగా తాళంచెవి నా మొలతాడుకే ఉంది,
ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
లెక్కపెట్టింది మేరీ సువర్ణ,
ఎమ్మే తెలుగు మొదటి ఏడు, మలికిపురం పక్క పల్లె,
చక్రాల కుర్చీలో, కిందనే ఆగి.

"పుస్తకం పేరు చెప్పమ్మా, తెచ్చిపెడతాను" అనేవాణ్ణి.
చెప్పేది. తెచ్చేవాణ్ణి.
ఇంటికెళ్లి మా ఆవిడతో
ఇవాళ కూడా కాస్త పుణ్యం చేశానని చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు అంది:
"పేరు తెలిసిన పుస్తకమైతే మీరు తెస్తారు బాబాయ్.
తెలియనిది ఎలా అడగను?
నేను అరల మధ్య తిరగాలి,
ఒకటి వెతుకుతుంటే ఇంకొకటి దొరకాలి,
నచ్చకపోతే నేనే మూసెయ్యాలి."

ఆ రాత్రి మా ఆవిడకి ఏమీ చెప్పలేదు.

అర్జీ పెట్టాం.
ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి
నాలుగు నెలలు నడిచింది,
దాని దారిలోనూ మెట్లున్నాయి కాబోలు.

మెస్సులో చివరి బల్ల సంగతి చెప్పాలి.
కుర్చీ తిరిగే చోటు అక్కడే ఉంది, అందుకని సువర్ణ.
సంగాని ఏడుకొండలు డబ్బాలో ఎండురొయ్యల పొడి,
వాసనని జరిపి జరిపి అక్కడికి పంపారు.
మారేడుమిల్లి పైనుంచి వచ్చిన పల్లాల బొజ్జిరెడ్డి
నోరు తెరిస్తే యాసకి నవ్వారు,
రెండు నెలలు మాట్లాడకుండా తిన్నాడు.
ఝాన్సీకి రిజిస్టరులో ఇంకా పాత మగపేరే,
తను కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోతుంటే
విసిగి వచ్చి చేరింది.
ఆ బల్లని ఎవరూ ఎంచుకోలేదు.
అయినా నవ్వు గట్టిగా వినపడేది అక్కడినుంచే,
రొయ్యల పొడి వారం తిరక్కుండా అయిపోయేదీ అక్కడే.

ఏడుకొండలు నాన్నది కోటిపల్లి రేవులో పంటు పని.
మెట్ల వంక చూసి చూసి ఓ మధ్యాహ్నం అన్నాడు:
"గోదారి తగ్గితే మా రేవు కిందకి పోద్దండి,
పెరిగితే పైకొచ్చేస్తాది.
మోటారుసైకిళ్లు, ఆవులు, కొబ్బరి బస్తాలు,
పురిటికెళ్లే ఆడకూతుళ్లు, అందరూ ఎక్కాల్సిందే.
ఎక్కలేనోళ్లని ఒడ్డున ఒదిలేస్తే
అది పంటెలా అవుద్దండీ?
బల్లేస్తాం. అంతే."

శనివారం కొబ్బరి లారీ మీద వచ్చాయి రెండు పాత బల్లలు,
అడ్డపట్టీలు కొట్టినవి,
గిట్టల గుర్తులతో, సందుల్లో ఎండిన ఒండ్రుతో.
కొండవాగు మీద కట్టినట్టే
బొజ్జిరెడ్డి వెదుళ్లతో కింద బందోబస్తు చేశాడు,
పని చేస్తూ తన యాసలోనే అందర్నీ కేకలేశాడు.
ఝాన్సీ మడమ చెప్పులతో టకటకా పైదాకా నడిచి
వెనక్కి తిరిగింది:
"నన్నే మోసింది, ఇంక ఎవర్నైనా మోస్తాది."

సోమవారం ఇంజనీరు గారు టేపుతో వచ్చారు.
"ఈ వాలు లెక్క ఎవరు కట్టారు?"
"ఆవులండి" అన్నాడు ఏడుకొండలు.
ఆయన నవ్వలేదు. కొలిచారు. మళ్లీ కొలిచారు.
దిగేటప్పుడు మాత్రం
మెట్లు వదిలేసి బల్ల మీంచే దిగారు.

తర్వాత గమనించాను,
పేపర్ల కట్టలు తోసుకొచ్చే కుర్రాడూ,
నెలలు నిండిన లెక్కల మేడమూ,
మోకాళ్ల నొప్పుల నేనూ అటే.
మెట్ల మూలల్లో ఈ వర్షాలకి నాచు మొదలైంది.

మొదటిరోజు సువర్ణ లోపలికెళ్లి మూడు గంటలు రాలేదు.
చూసొద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాను.
నేల మీద చక్రాల తడిగీతలు
వ్యాకరణం దాటి, చేపల చెరువులు దాటి,
నక్షత్రాల దాకా వెళ్లి మలుపు తిరిగాయి.
చివరికి తెచ్చింది కొబ్బరి తెగుళ్ల మీద ఓ లావుపాటి పుస్తకం.
"ఇదెందుకమ్మా?"
"బొమ్మలు బాగున్నాయి బాబాయ్."

గడువు దాటిన ఇరవై రోజులకి తిరిగిచ్చింది.
పోన్లే అమ్మా, అనబోయాను.
నా మొహంలోకి చూసింది.
రశీదు పుస్తకం తీశాను.
రోజుకి రూపాయి చొప్పున ఇరవై రూపాయలు,
అందరి దగ్గరలాగే,
వసూలు చేశాను. ఆయ్.